కుడివైపు మచ్చ

ఆ ఎక్స్-రే తీసిన సమయం ఉదయం 10.52.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ. బొటనవేలంత వెడల్పు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కానీ దాని వల్ల ఒక వీసా ఆగిపోయింది. ఒక కాపురం కూడా ఆగిపోయేలా ఉంది.

వీసా మెడికల్ పరీక్షలు చేసే ఆ క్లినిక్‌లో ఒక విజిలెన్స్ ఆఫీసర్ ఉన్నాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఇక్కడ చేరాడు. ఎదురుగా అందరూ సార్ అంటారు. వెనక మాత్రం భూతద్దం అంటారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఉండగా ఎక్స్-రే మెషీన్ దండగ అని ల్యాబ్‌లో ఒక జోకు. అది ఆయన చెవిన పడింది. ఎవరన్నారో కూడా ఆయనకు తెలుసు.

గురువారం ఉదయం 9.30. ఆయన బల్ల మీద ఎంబసీ నుంచి వచ్చిన కాగితం ఉంది.

ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకి వచ్చిన ఒక లెక్కల టీచర్‌కి టీబీ అనుమానం ఉందని క్లినిక్ రిపోర్టు చెబుతోంది. ఫిల్మ్ మారిపోయిందని ఆమె అత్తగారు ఫిర్యాదు చేసింది. సాయంత్రం నాలుగు లోపల సంజాయిషీ పంపాలి. లేదంటే ఆమె ఆరు నెలలు మందులు మింగాలి. వీసా మాట ఆ తర్వాతే.

ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. అత్తగారు, కోడలు, కోడలి చెల్లెలు.

అత్తగారే మొదలుపెట్టింది. "పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను బాబూ. మూసిన కవర్లు నాకు కొత్త కాదు. సూటిగా అడుగుతున్నా. అబద్ధం మీ క్లినిక్ చెబుతోందా, మా కోడలు చెబుతోందా?"

"మీకెవరి మీద అనుమానం?"

"ఇద్దరి మీదా. రోగం దాచి పెళ్ళి చేశారేమోనని మా అబ్బాయికి ఫోన్లో అనేశాను. సోమవారం నుంచి వాడు ఈమెతో మాట్లాడటం లేదు. నా మాట తప్పైతే ఇవాళే తేలిపోవాలి."

కోడలు తల ఎత్తలేదు. ముప్ఫై దాటిన మనిషి. జుట్టు మెడ దగ్గరికి కత్తిరించి ఉంది.

"ఇంటర్వ్యూ ఎలా జరిగింది?" భూతద్దం అడిగాడు.

"బాగానే జరిగింది సార్. ఆరో కిటికీ. అద్దం అవతల ఆఫీసర్. పెళ్ళెప్పుడైంది, మీ ఆయన ఏం చేస్తారు, చివరిసారి ఎప్పుడొచ్చారు అని అడిగింది. అన్నీ చెప్పాను. నవ్వింది కూడా. తర్వాత మెడికల్ కవర్ విప్పింది. అంతే, ముఖం మారిపోయింది."

"చివరిసారి మీ ఆయన ఎప్పుడు వచ్చారు?"

"సెలవు మీద నెల రోజులు ఉన్నారు. వెళ్ళి తొమ్మిది వారాలైంది."

"నెలల్లో చెప్పరా?"

"లెక్కల టీచర్ని కదా సార్."

"దగ్గు ఉందా?"

"లేదు."

"రాత్రిపూట జ్వరం?"

"లేదు. నాకు ఏ రోగమూ లేదు సార్."

ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. పోలీసు ఉద్యోగంలో ఆయన ఒక సంగతి గమనించాడు. ఏ తప్పూ చేయని మనిషి ముందు అనేది ఒకటే మాట. అది నాది కాదు. ఈవిడ రోగం లేదంటోంది. ఆ ఫిల్మ్ నాది కాదని మాత్రం అనడం లేదు. ఫిర్యాదు రాసింది కూడా అత్తగారే.

చెల్లెలు కలగజేసుకుంది. పాతికేళ్ళుంటాయి. చెప్పుల షాపులో సేల్స్ చూస్తుందట. జుట్టంతా గట్టిగా ముడివేసి పైన స్కార్ఫ్ కట్టుకుంది. "ఇక్కడ రోజుకి వందమంది వస్తారు సార్. ఏదో కలిసిపోయి ఉంటుంది."

"ఆ రోజు నువ్వు కూడా వచ్చావా?"

"తోడొచ్చాను."

కలిసిపోయిందా అని ఆ పిల్లని ఎవరూ అడగలేదు. అడగకుండా వచ్చే జవాబంటే భూతద్దానికి మహా ఇష్టం.

10.15. ఎక్స్-రే గది.

టెక్నీషియన్ అప్పటికే నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు లాగ్ తియ్యి."

తీశాడు. 10.44కి ఒక వంటమాస్టర్. 10.52కి లెక్కల టీచర్. 11.01కి ఒక ముసలాయన.

"ఈ ఫిల్మ్ ఆడమనిషిదేనా?"

"చూస్తే తెలిసిపోతుంది సార్. ఆడమనిషిదే."

"ముందు మగవాడు. వెనక మగవాడు. ఇక ఎవరి ఫిల్మ్‌తో కలుస్తుంది?"

టెక్నీషియన్ ముఖం వెలిగింది. "కలవదు సార్! అదే కదా నేను మూడు రోజులుగా మొత్తుకుంటున్నది!"

"సంబరపడకు. మనిషిని చూసే తీశావా?"

"టోకెన్ చూశాను సార్."

"ముఖం?"

"ఇక్కడ అందరికీ మాస్కే కదా సార్. ఫొటో, వేలిముద్రలు రిసెప్షన్‌లో అయిపోతాయి. ఆడవాళ్ళు గౌను వేసుకుని ఆ గదిలోంచి వస్తారు. ప్లేట్‌కి ఎదురుగా నిలబడతారు. నేను అద్దం వెనక నుంచి ఊపిరి పీల్చండి అంటాను. వెళ్ళిపోతారు."

"బట్టలు మార్చుకునే గదిలోకి తోడొచ్చినవాళ్ళని రానిస్తారా?"

"గౌను ముడులు వెనక ఉంటాయి కదా సార్. ఎవరో ఒకరు కట్టాలి."

భూతద్దం టీచర్ సంతకం చేసిన ఎక్స్-రే ఫారం తీసుకున్నాడు. రెండు పేజీలు. గుండ్రటి చేతిరాత. ప్రతి గడీ నింపి ఉంది, ఒక్కటి తప్ప. రెండో పేజీలో పదకొండో గడి ఖాళీ.

"ఇది నువ్వు అడిగి నింపాలి కదా?"

టెక్నీషియన్ ఆ ప్రశ్న చదివి చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు. "ఆడవాళ్ళని నేనెలా అడుగుతాను సార్? నర్సు అడిగి ఉంటుందనుకున్నా."

10.50. టీకాల గది.

నర్సు తడుముకోకుండా జవాబిచ్చింది. "ఆ గడి నాకు సంబంధం లేదు సార్. టెక్నీషియన్ అడుగుతాడనుకున్నా. ఆవిడ మాత్రం బాగా గుర్తుంది. తట్టు టీకా వద్దంది. జ్వరంగా ఉందంది. థర్మామీటర్ పెడితే తొంభై ఎనిమిది. సూదికి భయమా అని నవ్వాను."

"భయపడిందా?"

"అదే వింత సార్. అంతకుముందే ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వచ్చింది. రెప్ప కూడా వేయలేదట."

సూదికి భయం లేదు. ఒక టీకాకే భయం. ఆయన అదీ రాసుకున్నాడు.

11.30. సీసీటీవీ గది. కెమెరాలు కారిడార్‌లోనే ఉన్నాయి. 9.05కి అక్కచెల్లెళ్ళు లోపలికి వచ్చారు. 10.40కి ఇద్దరూ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళారు. 11.12కి ఇద్దరూ కారిడార్‌లోకి వచ్చారు. భూతద్దం 9.05 దగ్గర బొమ్మ ఆపాడు. చాలాసేపు చూశాడు. కుర్చీలో వెనక్కి వాలి, ముఖం అదోలా పెట్టుకున్నాడు. సంగతి తెలిసిపోయింది. కానీ అందులో సగమే తెలిసిందని ఆయనకు అనుమానం. ఆ సగంతో ఒక ఆడపిల్ల బతుకు పాడుచేయడం ఆయనకు ఇష్టం లేదు.

మధ్యాహ్నం 2.30. డాక్టరమ్మ గది.

అందరినీ పిలిపించాడు. గోడకున్న పెద్ద తెర మీద ఎక్స్-రే వెలుగుతోంది.

"డాక్టర్ గారూ, ఊపిరితిత్తి ఎక్కడిదాకా ఉంటుంది?"

డాక్టరమ్మకు చిరాకేసింది. రోజుకి అరవై ఫిల్ములు చూసే మనిషి. "కాలరెముక మీదికి ఒక అంగుళం. అంతే. ఎందుకు?"

"రిపోర్టులో పెట్టిన బొమ్మ అక్కడికి కత్తిరించి ఉంది. ఇది మొత్తం ఫిల్మ్. మచ్చ ఎక్కడ ఆగిందో చూడండి."

ఆయన వేలితో చూపించాడు. మచ్చ ఊపిరితిత్తిలో ఆగలేదు. కాలరెముక దాటింది. భుజం పక్కనుంచి మెడలోకి పోయింది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. కళ్ళజోడు సర్దుకుంది. తెర దగ్గరికి నడిచింది.

"మెడలో ఊపిరితిత్తి ఉండదు," అంది మెల్లగా. "ఇది లోపలి మచ్చ కాదు. ఒంటి మీద ఏదో ఉంది. మెలికలు మెలికలుగా... అయ్యో. జడ!"

"జడే," అన్నాడు భూతద్దం. "బిగించి అల్లిన జడ నీడ పడుతుందని మీకు నేను చెప్పాలా? అందుకేగా జుట్టు పైకి కట్టుకోమంటారు. మరి ఈ టీచరమ్మకి జడేదీ? ఆ రోజు 9.10కి రిసెప్షన్‌లో తీసిన ఫొటో ఇదిగో. జుట్టు మెడ దగ్గరికే ఉంది."

భూతద్దం చెల్లెలి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఆ స్కార్ఫ్ తియ్యి."

చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క కళ్ళు మూసుకుంది. స్కార్ఫ్ ఊడింది. ముడి విప్పితే జడ నడుము దాకా జారింది.

"పొద్దుట అడగక ముందే ఏదో కలిసిపోయి ఉంటుందన్నావు. సీసీటీవీలో ఈ జడ వీపు మీద వేలాడుతోంది. అక్కది పొట్టి జుట్టు కాబట్టి ఇది బయటికి కనపడకూడదు. మడిచి కుడి భుజం దగ్గర గౌను లోపల దోపుకున్నావు. నువ్వు దాచిన జడే మచ్చై కూర్చుంది."

"అక్క అడగలేదు సార్," చెల్లెలు ఏడుస్తూ అంది. "నేనే వెళ్తానన్నాను. అక్కకి ఏమీ తెలీదు."

"తెలుసు," అంది అక్క. "నేనే టోకెన్ ఇచ్చాను."

అత్తగారు అగ్గి మీద గుగ్గిలమైంది. "అంటే నేనన్నదే నిజం! ఛాతీలో రోగం పెట్టుకుని చెల్లెల్ని నిలబెట్టావా?"

"ఆగండమ్మా," అన్నాడు భూతద్దం. "నేనూ ఒక గంట అదే అనుకున్నాను. కానీ రోగం దాచేవాళ్ళు టీకాకి భయపడరు. ఈవిడ రెండే రెండు తప్పించుకుంది. ఎక్స్-రే. తట్టు టీకా. ఆ రెండూ ఎవరికి పడవు డాక్టర్ గారూ?"

డాక్టరమ్మ టీచర్ ముఖంలోకి చూసింది. డాక్టరమ్మ ముఖం ఒక్కసారిగా మెత్తబడింది.

భూతద్దం ఫారం బల్ల మీద పెట్టాడు. "ఇరవై గడులు. పందొమ్మిది నింపింది. పదకొండోది వదిలేసింది. గర్భవతా, అవునా కాదా అని అక్కడ అడుగుతారు. కాదని ఒక గీత పెడితే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆ ఒక్క అబద్ధం రాయడానికి ఈవిడకి చెయ్యి రాలేదు."

అత్తగారు ఆ ఫారం దగ్గరికి లాక్కుని చూసింది.

కోడలు మాట్లాడింది. "ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు సార్. రెండూ మూడో నెలలోనే పోయాయి. రెండుసార్లూ సంతోషంగా ఫోన్ చేసి ఆయనకి చెప్పాను. రెండుసార్లూ మళ్ళీ ఫోన్ చేసి లేదని చెప్పాను. ఆ రెండో ఫోన్ ఇంకోసారి చేయలేను. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఎక్స్-రే వాయిదా అడిగితే ఎందుకని అడుగుతారు. ఇంట్లో తెలిసిపోతుంది."

"ఇంకా ఎన్ని రోజులు?" డాక్టరమ్మ అడిగింది.

"పది."

"పిచ్చిదానా! కడుపుకి అడ్డంగా సీసపు ఏప్రన్ కట్టి తీస్తాం. అదీ వద్దంటే కాన్పు అయ్యాక తీస్తాం. దానికి మా దగ్గర ఫారం ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది." ఆ కోపం సగం తన మీదే. జడని టీబీ అని రాసింది తను.

"నన్ను ఒక్కరు అడిగినా చెప్పేసేదాన్నేమో," అంది టీచర్. టెక్నీషియన్ నర్సు వైపు చూశాడు. నర్సు కిటికీ వైపు చూసింది.

3.20. భూతద్దం రిపోర్టు టైప్ చేయడం మొదలుపెట్టాడు.

"సార్," అంది టీచర్. "నా బదులు చెల్లి నిలబడిందని రాస్తే వీసా రాదు కదా?"

"రాకపోవచ్చు. అది వాళ్ళ ఇష్టం. రాయకపోతే ఆ మచ్చ మీదే అవుతుంది. ఆరు నెలలు టీబీ మందులు మింగాలి. కడుపులో బిడ్డతో. ఏది రాయమంటారు?"

ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఎక్కువసేపు ఆలోచించలేదు.

"నిజం రాయండి. నేనూ ఒక కాగితం రాసిస్తాను. తప్పు నాదని, చెల్లిని నేనే పంపానని. వీసా పోతే పోనీ."

డాక్టరమ్మ తన తప్పు కూడా అందులో చేర్చమంది. 3.52కి రిపోర్టు ఎంబసీకి వెళ్ళిపోయింది. వాయిదా ఫారంలో ఎక్స్-రే ఎప్పుడన్న చోట టీచర్ తన గుండ్రటి చేతిరాతతో రాసింది, కాన్పు తర్వాత అని. పదకొండో గడిలో మొదటిసారి టిక్కు పెట్టింది.

అప్పుడు అత్తగారి ఫోన్ మోగింది. తెర మీద కొడుకు ఫొటో.

కోడలు బిగుసుకుపోయింది. చెల్లెలు ఏడుపు ఆపేసింది. సోమవారం నుంచి ఆవిడ కొడుకుతో ఏమేమి అన్నదో అందరికీ తెలుసు.

"ఆ, చెప్పరా. తేలింది. నీ పెళ్ళానికి రోగం లేదు. నేను నోరు జారాను. ముందు ఆమెకి సారీ చెప్పు, తర్వాత నాకూ నాలుగు చీవాట్లు పెట్టు." కాసేపు విన్నది. "వీసానా? ఆలస్యమవుతుంది. అసలు రాకపోనూవచ్చు. ఎందుకా?"



అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ చూపులో పొద్దుటి అనుమానం లేదు.

"ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో చేశానురా. వేరేవాళ్ళ కవరు నేను విప్పను. పది రోజులు ఆగు. తనే నీ చేతికిస్తుంది."

ఫోన్ కోడలి చేతిలో పెట్టింది.