నిర్మల తుడిచేసిన చుక్క

తెర మీది మూడో ఫోటోలో చుక్క లేదు. ధరణి దాన్ని మూసి మళ్లీ తెరిచింది.

"ఏం పాపా, మనోడు రాలేదా?" వెనక టీ గ్లాసుతో నిలబడ్డ ఖాదర్ బాషా అడిగాడు.

కొండ మీది ఈ అబ్జర్వేటరీలో ముప్పై ఏళ్లుగా టెలిస్కోప్ తిప్పేది ఆయనే. పద్ధతి ఒకటే. రెండ్రోజుల ఫోటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి టకటకా మార్చి చూస్తాడు. కదలనివి నక్షత్రాలు, కదిలింది కొత్తది. అలా దొరికిందే ఈ తోకచుక్క. మూడో ఫోటోలోనూ ఉంటే దానికి ఆయన పేరే. నెలాఖరుకి రిటైర్‌మెంటు.

ఫోటోలు చూసే సాఫ్ట్‌వేర్ ఎంచే పని ధరణిది. పాతది దుమ్మూ ధూళీ అన్నీ చూపించేది. కొత్తది 'నిర్మల'. ఆకాశం ఎలా ఉండాలో లక్షల ఫోటోలు చూసి నేర్చుకుంది. తనకి తెలియనిదేదైనా మరకే అనుకుని తుడిచేస్తుంది. ఆ నిగనిగలు డైరెక్టర్ వామనరావుకి తెగ నచ్చాయి. ధరణి ఉద్యోగం పర్మినెంటు చెయ్యాల్సింది ఆయనే. అందుకే నిన్న ధరణి నిర్మలకే ఓకే అనేసింది.

"ఒరిజినల్ తియ్యి పాపా."

"లేదు బాషా సార్. క్లీన్ అయ్యాక ఒరిజినల్స్ తీసెయ్యమని టిక్కు పెట్టేశా. పాత రెండూ కూడా పోయాయి."

ఆయన టీ చల్లారిపోయింది.

"ఇల్లు ఊడ్చమంటే ఇంట్లోవాళ్లని కూడా ఊడ్చేసిందన్నమాట."

తప్పు నాదేనని ధరణి డైరెక్టర్ దగ్గర ఒప్పుకుంది. "సరే, తోకచుక్క ఉందనడానికి ఫోటో ఏదమ్మా? అది లేకుండా నిర్మలని ఆపలేం" అన్నాడాయన.

రెండు నెలలు తిరిగేసరికి ప్రపంచంలో అన్ని అబ్జర్వేటరీలూ నిర్మలకి మారాయి. ఫోన్లలోకీ వచ్చేసింది. ఒక సాయంత్రం పడమటి దిక్కున ఆ తోకచుక్కే మామూలు కంటికే కనబడింది, చీపురంత తోకతో. జనం డాబాలెక్కి ఫోన్లెత్తారు. ఎవరి ఫోన్లో చూసినా శుభ్రమైన ఆకాశమే.

"ఫోటోలో లేనిది ప్రెస్ నోట్‌లో ఎలా రాస్తాం?" అన్నాడు వామనరావు.

ధరణి బాషా ఇంటి డాబా ఎక్కింది. బ్యాగులో ఆ రోజే వచ్చిన పర్మినెంటు ఆర్డరుంది, సరైన సాఫ్ట్‌వేర్ ఎంచినందుకు. దాన్ని వెనక్కి తిప్పి పెన్సిల్‌తో గీయడం మొదలెట్టింది.

"తోక ఇంకొంచెం వంచు పాపా. తేదీ వెయ్యి. టైమెయ్యి."

వేసింది. చూసినవారు: ఖాదర్ బాషా అని రాసింది.

పక్క డాబా మీద ఎవరో ఫోన్లోకి చూసి, "అబ్బే, ఏం లేదక్కడ" అనుకుంటూ దిగిపోయారు.

"ఈ బొమ్మని ఎవరు నమ్ముతారు సార్?"

బాషా ఆకాశం మీంచి చూపు తిప్పలేదు.

"ఒకటే కదా అయింది. రేపోటి, ఎల్లుండోటి గియ్యి. మూడుండాలి."