మడిలో పడ్డ పాటలు

"అవ్వా, జర వంగకు!" ఒడ్డు మీది నుంచి యమున అరిచింది.

నాట్లు వేసే మనిషి వంగకుండా ఎలా ఉంటుంది? అండాలవ్వ వంగనే వంగింది. పాట దగ్గరగా రికార్డు కావాలని మనవరాలు ఆమె బొడ్లో దోపిన ఫోన్ కాస్తా జారి బురదనీళ్లలో మునిగింది.

ఫోన్ యమున వాళ్ల బాపుది. ఆ సాయంత్రమే ఆయన దాన్ని గూడూరుకు తీసుకెళ్లాడు. బాగుచేసే అతను విప్పి చూసి, "లోపల మొత్తం ఖరాబైంది అన్నా. ఏమీ రాదు" అన్నాడు.

యమునకు దుఃఖం ఆగలేదు. పది రోజులు బడి నుంచి రాగానే పొలానికి పరుగెత్తి, తొమ్మిది నాటు పాటలు రికార్డు చేసింది. అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి. బడి కంప్యూటర్‌లోకి కూడా ఎక్కిద్దాం తెమ్మని కళ్యాణి టీచర్ రెండుసార్లు చెప్పింది. "అన్నీ అయినంక ఒక్కసారే తెస్త టీచర్" అని యమునే దాటవేసింది.

"ఇంట్ల కూసోని మళ్ల పాడవా అవ్వా?"

అవ్వ రెండు ముక్కలు పాడి ఆగిపోయింది. "వస్తలేదు బిడ్డా. చేతుల నారుంటెనే పాట నోట్లెకొస్తది."

రేపు ఒక్క మడి నాటితే ఊళ్లో నాట్లు అయిపోతాయి. మళ్లీ వచ్చే ఏడాదే.

అప్పుడే పక్కింటి హర్షిణి వచ్చింది. "ఎందుకేడుస్తున్నవే? మొన్న నువ్వు పంపిన పాట మా అమ్మ ఫోన్ల ఉన్నది గద!"

నిజమే! ముచ్చటపడి పంపిన ఒక్క పాట మిగిలింది. పదిలంగా దాచుకున్నాననుకున్న ఎనిమిదీ పోయాయి. యమున కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ఆదివారం. యమున హర్షిణి వాళ్ల అమ్మను బతిమాలి ఫోన్ తెచ్చుకుంది. ఈసారి దాన్ని తనే పట్టుకుని అవ్వ వెంట బురదలో నడిచింది. పాట అయిన ప్రతిసారీ ఒడ్డెక్కి టీచర్‌కు పంపింది. పొద్దుగూకేసరికి మూడు పాటలు దొరికాయి. మిగతా ఐదు అవ్వకు ఎంతకీ గుర్తు రాలేదు.

"పరేషాన్ కాకు. మళ్ల వానకాలం రాదా?" అంది అవ్వ.

ఆ నాలుగు పాటలూ బడి కంప్యూటర్‌లోకి, టీచర్ పెన్‌డ్రైవ్‌లోకి చేరాయి. తర్వాత ప్రతి శనివారం యమున, బాపు కొన్న కొత్త ఫోన్‌తో కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆ వారం తీసిన ఫొటోలూ, అవ్వ చెప్పిన కథలూ ఎక్కించాకే ఇంటికి బయలుదేరేది. టీచర్ గుర్తు చేయాల్సిన పనే ఉండేది కాదు.

మళ్లీ వానలు పడ్డాయి. మడిలో దిగి చేతిలోకి నారు తీసుకోగానే, పోయిన ఐదు పాటల్లో ఒకటి అవ్వ నోట గలగలా వచ్చేసింది! అది ముగియగానే ఆడవాళ్లంతా ఇంకో పాట ఎత్తుకోబోయారు.

"ఆగుండ్రి! ఆగుండ్రి!" యమున ఒడ్డు మీదికి ఉరికింది.

నాటు వేసే వరుస వరుసంతా నారు పట్టుకుని నిలబడింది. "ఏందమ్మా గీ పిల్ల, పాటకోసారి ఆపుతది!" అని ఒకామె నవ్వింది.

యమున ఫోన్ వంకే కళ్లార్పకుండా చూసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి కేకేసింది.

"టీచర్‌కు చేరింది! ఇగ పాడుండ్రి!"