బాణం గుర్తు

రాజనర్సయ్య ఉరుకుతుండు.

అమీర్‌పేట మెట్రో కింద. చినుకులు. క్లాసులు విడిచిన టైము… మనుషుల మీద మనుషులు.

చొక్కా లోపల ఫోను. అరచేత్తో అదిమి పట్టిండు.

అందుల బిడ్డ ఉంది. యశస్విని.

టెర్రస్ మీంచి జారి పడి సచ్చిపోయిందని పోలీసులు రాసుకున్నరు.

జారలే.

ఆ రోజు ఆమె, మొగుడు కేదార్ నడిపే యాప్‌ల లైవ్ చేస్తుండె. కేదార్ వచ్చిండు. తోసిండు. లైవ్ నడుస్తనే ఉండె… వాడు సూస్కోలే.

రోజూ బిడ్డ పాత వీడియోలు సూసే తండ్రికి ఆ లైవ్ దొరికింది. కింద బాణం గుర్తు నొక్కిండు. టిక్ పడ్డది. డౌన్‌లోడ్ అయింది.

కోపం ఆగలే. కేదార్‌కే ఫోన్ కొట్టిండు.

"నువ్వు తోసింది నా ఫోన్ల ఉంది."

గంటలనే వాడు గుమ్మం ముందట ఉన్నడు.

ఇప్పుడు వెనకాల ఉన్నడు.

సందుల మొబైల్ షాపు. లోపలికి దూరిండు. షాపు నడిపే మంజూష తెలిసిన పిల్లనే. వీడియో ఇంకో కాపీ తీసియ్యమన్నడు.

"ఇటియ్యి తాతా. యాప్ వెబ్‌సైట్‌ల నుంచి అసలు ఫైలే దింపి మెమరీ కార్డుల వేస్త. ఐదు నిమిషాలు."

"నువ్వు సూస్తవా?"

"సూడకుంటే ఎట్ల? మంచిగ ఎక్కిందో లేదో తెల్వద్దా?"

ఫోను గుంజుకున్నడు.

"వద్దమ్మా."

మళ్లీ ఉరుకుడు. గుండెల మంట. పంజాగుట్ట. పోలీస్ స్టేషన్ గేటు.

"మామగారూ, ఆగండి…" పది అడుగుల దూరంల కేదార్. "ఎవరు తీశారు ఆ వీడియో?"

రాజనర్సయ్య మర్లిండు.

"నీ యాపే తీసింది. బాణం నొక్కిన. దిగింది. ఇగ ఏం చేస్తవ్?"

కేదార్ ఆగిపోయిండు.

ఉరకలే. అరవలే. మెల్లగ జేబుల నుంచి ఫోను తీసిండు.

ఓడిపోయిండనుకున్నడు ముసలాయన.

లోపల ఎస్సై భావన. ఫోను ఆమె చేతుల పెట్టిండు. ఆమె నొక్కింది.

గుండ్రం తిరుగుతుంది… తిరుగుతుంది…

'ఈ వీడియో తీసివేయబడింది.'

"టిక్ ఉండె మేడం. ఇందాకనే ఉండె…"

"యాప్‌ల దింపింది యాప్‌లనే ఉంటది పెద్దాయనా. వాళ్లు తీసేస్తే మన దగ్గర సుత పోతది." ఆమె గొంతు తగ్గింది. "వేరే కాపీ ఉందా?"

ఐదు నిమిషాలు.

"లేదు."

"ఎవరితోనన్న తీయించకపోయినవా?"

ఫోను తీసుకుండు. మళ్లీ చొక్కాల పెట్టుకుండు. అరచేత్తో అదిమిండు.

"పడేటప్పుడు 'నాయినా' అన్నది మేడం… ఎవరూ వినొద్దనుకున్న."