పదకొండు పేజీల నియమం

పాచికలు రెండూ చాప మీద దొర్లి ఆగాయి. ఒకటి, మూడు. మొత్తం నాలుగు.

"ఇప్పుడు అబద్ధం ఆడండి మేడమ్," అంది వకుళ.

డాక్టర్ తబస్సుమ్ పెన్సిల్ తీసుకుంది. కొట్టెయ్యాల్సిన గడిని కొట్టెయ్యకుండా నోట్‌బుక్‌లో పేజీ తిప్పేసింది. మరుక్షణం చాప అంచున గోరంత దీపం ఎర్రగా వెలిగింది.

"పట్టేసింది!" వకుళ చప్పట్లు కొట్టింది.

"పట్టుకోవడానికేగా చేశాం. అంత సంబరం దేనికి?" అంది తబస్సుమ్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అది 2043. విశాఖపట్నంలోనే కాదు, అన్ని ఊళ్ళలోనూ తెరల మీద ఆటలు మొహం మొత్తి, జనం మళ్ళీ కాగితం, పాచికల వైపు మళ్ళిన రోజులు. అందులోనూ ఒక్కరే కూర్చుని ఆడుకునే కథల ఆటలకు గిరాకీ. ఇరవై నాలుగేళ్ళ వకుళ ఏ కంపెనీ అండా లేకుండా తనే రాసి, తనే అచ్చు వేసి, తనే పార్సిల్ చేసిన ఆట పేరు 'చివరి కాపలా'.

ఆట తేలిక. ఒక నౌక గురుగ్రహపు చందమామ యూరోపాకు వెళుతోంది. పదకొండు మంది బెర్తుల్లో గాఢనిద్రలో ఉన్నారు. మేలుకుని ఉన్నది కాపలా మనిషి ఒక్కడే. ఆ కాపలా మనిషి ఆటగాడే. ప్రయాణం అరవై రోజులు. రోజుకొకసారి రెండు పాచికలు వేయాలి. మొత్తం నాలుగు గానీ అంతకు తక్కువ గానీ పడితే ఆ రోజు నౌకలో గాలి తగ్గినట్టు. అప్పుడు ఒక బెర్తు ఆర్పేసి, నోట్‌బుక్‌లో ఆ బెర్తు గడి కొట్టేసి, ఎవరిని ఎందుకు వదులుకున్నాడో డైరీలో రాసుకోవాలి.

ఆట మీద అభిప్రాయం చెప్పమని వకుళ కొన్నవాళ్ళందరినీ అడిగింది. తొంభై ఆరు జవాబులు వచ్చాయి. తొంభై ఆరూ 'బాగుంది' అనే. పెళ్ళి భోజనంలో సాంబారు ఉప్పు కషాయమైనా, వడ్డించేవాడు వంగి అడిగితే 'బాగుంది బాబూ' అనే జనం మనం. ఆ జవాబులతో రెండో ముద్రణలో ఏం మార్చాలో తేలదు. ఆమెకు ఇంకో అనుమానం కూడా వచ్చింది. తొంభై ఆరు మందిలో ముప్పై ఎనిమిది మంది, కనీసం తొమ్మిది మందిని ప్రాణాలతో యూరోపాకు చేర్చామని రాశారు. వకుళ నోటితోనే లెక్క కట్టింది. గాలి తగ్గే అవకాశం ఆరింట ఒకటి. అరవై రోజుల్లో సగటున పదిసార్లు. తొమ్మిది మంది మిగలాలంటే వెయ్యి మంది ఆడితే ఒకరిద్దరికి సాధ్యం.

"ముప్పై ఎనిమిది మందీ అబద్ధాలకోరులే మేడమ్," అంది తబస్సుమ్‌తో. "తమ ఇంట్లో, తమ బల్ల మీద, తమతో తామే ఆడుకుంటూ తొండి!"

విశ్వవిద్యాలయంలో సెన్సార్లు తయారుచేసే తబస్సుమ్‌కు ఆ మాట ఆసక్తి కలిగించింది. అలా పుట్టింది చాప. బల్ల మీద పరిచే పలచని రబ్బరు పొర. పాచికల్లో ఒక్కో ముఖం వెనక ఒక్కో తీరున అమర్చిన అయస్కాంతపు రవ్వలు ఉంటాయి. ఏ ముఖం పైకి పడిందో చాపకు వాటివల్ల తెలుస్తుంది. కుడివైపు నోట్‌బుక్ పెడితే, పెన్సిల్ ఒత్తిడిని బట్టి ఏ గడి కొట్టేశారో కూడా తెలుస్తుంది. డైరీలో రాసుకున్న కథ మాత్రం చదవదు. అది ఆటగాడి సొంతం, ముట్టుకోకూడదని తబస్సుమ్ పట్టుబట్టింది.

చాపకు నియమాలు నేర్పేటప్పుడు తబస్సుమ్ పుస్తకం తిరగేసి ఆగింది.

"నియమాలు పంతొమ్మిది ఉన్నాయి. నువ్వు పద్దెనిమిదే ఇచ్చావు."

"పంతొమ్మిదోది ఎవరూ వాడరు మేడమ్. ముప్పై ఒకటో పేజీ అడుగున సరదాకి పెట్టాను. వాడేవాళ్ళ అంచనా సున్నా. సున్నాకి కోడ్ దండగ."

ఒకటో నంబరు చాప మీద వకుళ తనే ఆడి చూసింది. రెండు నుంచి నలభై ఒకటి దాకా నలభై చాపలు, వాటి పాచికలతో సహా, ఆటగాళ్ళకు పంపింది. పాచికలు సమంగా పడుతున్నాయో లేదో చూడటానికి అని రాసింది. ఎర్రదీపం కనబడకుండా టేపు అంటించింది. ఏ రోజు లెక్క ఆ రోజు చాపల్లోంచి నేరుగా ఆమె కంప్యూటర్‌కు చేరేది.

అరవై రోజుల ప్రయోగం అది. ఒక్క రోజుతో శాతాలు మారేదేముందని యాభై తొమ్మిదో రోజునే ఫలితాలు ఆట పేజీలో పెట్టేసింది. 'సత్యశాతం' అని శీర్షిక. గాలి తగ్గిన ప్రతిసారీ బెర్తు ఆర్పినవాళ్ళకు వంద. ఆర్పనివాళ్ళకు అందుకు తగ్గ కోత. చాప నంబరు, పేరు, ఊరు, శాతం.

"పేర్లు తీసెయ్ వకుళా," అంది తబస్సుమ్.

"పేర్లు ఉంటేనే సిగ్గుపడి నిజాయితీగా ఆడతారు మేడమ్."

పట్టికలో అట్టడుగున ఉన్న పేరు బొడ్డేపల్లి అప్పలసూరి, విశాఖపట్నం. పదిసార్లు గాలి తగ్గింది. పదకొండు బెర్తులూ వెలుగుతూనే ఉన్నాయి. సత్యశాతం సున్నా.

తరువాతి ఆదివారం పొద్దున గ్రంథాలయం మేడమీద హాల్లో ఆటగాళ్ళ సమావేశం పెట్టారు. ఇరవై మంది దాకా వచ్చారు. పట్టిక పెద్దగా అచ్చువేసి గోడకు అంటించింది వకుళ. ఆ పక్కనే బల్ల మీద చాప, టేపు తీసేసి. ఝాన్సీ అనే లెక్చరర్ తన పేరు వెతుక్కుంది.

"యాభై ఐదా? పర్లేదు, పాసయ్యాను. మా పిల్లలకు ముప్పై ఐదుకే పాస్ వేస్తాను నేను."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చేతిలో గుడ్డసంచి.

"అప్పలసూరినమ్మా. ఆ కింద సున్నా నాదే."

నవ్వు ఆగిపోయింది. ఎవరో ముందు వరుసలో "పదకొండు మందినీ బతికించిన మహానుభావుడు ఈయనే!" అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు.

"ఆస్పత్రిలో ఆపరేషన్ గదిలో టెక్నీషియన్‌ని. మత్తు డాక్టరుగారి పక్కన ఉంటాను. ఇరవై ఆరేళ్ళయింది. పొద్దున్నే ఆక్సిజన్ సిలిండర్లు చూసి, రిజిస్టర్లో ఎంత ఉందో రాసి సంతకం పెట్టడం నా పని. మీ పట్టీ మా సిస్టర్లు చూశారు. సున్నా సూరి అంటన్నారు. అది పర్లేదు, పడతాను. మా కొత్త సూపర్వైజరు గారు కూడా చూశారు. సోమవారం నుంచి నా సంతకం పక్కన ఇంకో మనిషి సంతకం పెట్టిస్తన్నారు. ఇంట్లో పాచికల దగ్గరే నిజం రాయనోడు సిలిండరు దగ్గర రాస్తాడా అని."

వకుళ పట్టికలో ఆయన వరుస వైపు చూసింది.

"మరి మీరు... పదిసార్లు గాలి తగ్గితే ఒక్క బెర్తు కూడా ఆర్పలేదు కదండీ. చాప రికార్డు చేసింది."

"ఆర్పనేదు. ముప్పై ఒకటో పేజీలో మీరు రాసిందే చేశాను."

ఆయన సంచిలోంచి రెండు పొడవాటి నోట్‌బుక్కులు తీసి బల్ల మీద పెట్టాడు. ఆట పుస్తకం తెరిచి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పంతొమ్మిదో నియమం మీద వేలు పెట్టి, ఆపరేషన్ గదిలో చీటీ చదివినట్టు నిదానంగా చదివాడు.

"గాలి తగ్గిన రోజున బెర్తు ఆర్పడానికి మనసొప్పకపోతే, నిద్రలో ఉన్న పదకొండు మంది గురించీ మనిషికో పేజీ చొప్పున అదే రోజు చేత్తో రాయాలి. రాస్తే ఆ రోజుకు ఎవరి బెర్తూ ఆరదు."

తబస్సుమ్ నోట్‌బుక్కులు తీసుకుని పేజీలు తిప్పింది. తేదీ, పేరు, పేజీ నిండా గుండ్రటి చేతిరాత. వకుళకు లెక్క చెప్పక్కర్లేదు. పది రోజులు, రోజుకు పదకొండు. నూట పది పేజీలు.

"ఇది ఎవరూ చెయ్యరనుకున్నానండీ," అంది వకుళ. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఎంత అసహ్యంగా వినిపించిందో ఆమెకు తెలిసింది. "చాపకు ఈ నియమం చెప్పలేదు. అందుకే..."

"చాపదేటి తప్పు, అమ్మా? దానికి చెప్పనేదు కదా." ఆయన గోడ దగ్గరికి వెళ్ళి పట్టికను పైనుంచి కిందకి వేలితో చూసుకుంటూ వచ్చాడు. రోజూ రిజిస్టరు చూసే కళ్ళు. "మరి ఇదేటి? నంబర్లన్నీ ఉన్నాయి, ఒకటి మాత్రం నేదు. ఒకటో నంబరు చాప ఎవరిది?"

తబస్సుమ్ తల దించుకుంది. ఇరవై మంది వకుళ వైపు చూశారు.

"నాది," అంది వకుళ.

"ఎంతొచ్చింది?"

"ఎనిమిది సార్లు గాలి తగ్గింది. మూడుసార్లే ఆర్పాను. మిగతా ఐదుసార్లు... పాచిక సరిగ్గా పడలేదని మళ్ళీ వేశాను. ముప్పై ఏడున్నర. పరీక్ష కోసం ఆడింది లెక్కలోకి రాదనుకుని తీసేశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. అప్పలసూరి, దెబ్బ తగిలిన మనిషి మీద దుప్పటి సర్దినట్టు, పట్టిక మూల ఊడిన టేపును బొటనవేలితో ఒత్తి సరిచేశాడు.

"ఇప్పుడే ఈ పట్టిక తీసేస్తానండీ. పేజీలోంచి కూడా."

"తీసెయ్యకండమ్మా. తీసేస్తే ఏదో చేసి దాచాడంటారు. దిద్దండి. రిజిస్టర్లో తప్పు పడితే చెరపం. గీత కొట్టి, పక్కన సరైంది రాసి సంతకం పెడతాం."

"మీ సూపర్వైజరు గారికి నేనే వచ్చి చెబుతాను. ఉత్తరం రాసిస్తాను."

"రాయండి. నా పేరు బాగుపడితే చాలు. రెండో సంతకం మాత్రం పోదు. అన్ని గదులకీ అదే పద్ధతి మంచిదని కొత్త రిజిస్టర్లు అచ్చు వేయించేశారు. రెండో సంతకానికి వేరే గడే వచ్చేసింది."

ఆస్పత్రిలో ఇక మీద ఏ ఒక్కరి మాటా చాలదు. వకుళ ఒక సాయంత్రం ఉత్సాహంలో కనిపెట్టిన శాతం చేసిన పని అది.

తబస్సుమ్ ఒక నోట్‌బుక్ ఆమె చేతికి ఇచ్చింది. మొదటి పేజీ మీద 'పైడితల్లి' అని ఉంది. ఆట పుస్తకంలో బెర్తులకు అంకెలే, పేర్లు లేవు.

"ఈ పేర్లు..."

"ఉత్తరంలో రాశాను కదమ్మా. చూడనేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. డెబ్బై మూడో జవాబు, ఇన్‌లాండ్ కవరు. 'ఆట బాగుంది' అన్న మొదటి ముక్క చూసి 'బాగుంది' వరుసలో వేసేసింది. ఆ కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. 'బెర్తులకు అంకెలే ఉన్నాయి. మనిషిని లేపేటప్పుడు ఏమని పిలవాలి?' తొంభై ఆరు జవాబుల్లో నిజంగా పనికొచ్చేది అదొక్కటే. అలాంటి నిజమైన మాట కోసమే ఇన్ని చాపలు చేసింది. అది ముందే ఆమె బల్ల మీద ఉంది.

"మత్తిచ్చే ముందు పేరు అడుగుతాం," అన్నాడు అప్పలసూరి. "లేపేటప్పుడు ఆ పేరు పెట్టే పిలుస్తాం. పేరు వింటే మనిషి తిరిగొస్తాడు. వీళ్ళు పదకొండు మందీ నేను డ్యూటీలో చేరిన మొదటి వారంలో పడుకోబెట్టినోళ్ళు. పది మంది లేచారు. పదకొండో అమ్మాయి లేవనేదు. ఎంత పిలిచినా. ఎవరి తప్పూ కాదన్నారు డాక్టర్లు. కాదు కూడా. మీ ఆటలో పదకొండు అని చూసి... ఒక్కసారి అందరినీ ఒడ్డుకి చేర్చుదామనుకున్నాను."

"ఆటలో ఎన్నో రోజు దాకా వచ్చారు?" అడిగింది తబస్సుమ్ మెల్లిగా.

"యాభై తొమ్మిది. ఇంకొక్కటే. ఆ రోజే పట్టీ వచ్చింది, ఆపేశాను. నేను వేసి, గాలి తగ్గలేదని రాస్తే ఇప్పుడు ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం లేకుండా పోయింది." జేబులోంచి పాచికలు తీసి వకుళ ముందు పెట్టాడు. "మీరు వెయ్యండి. అందరి ముందూ."

వకుళ పాచికలు తీసుకుంది. ఆరింట ఐదు వంతులు మంచిదే పడాలి. ఆ లెక్క ఆమెకు అప్పుడు ఏ ధైర్యమూ ఇవ్వలేదు. వేసింది.

రెండు. రెండో పాచిక దొర్లి, చాప అంచుదాకా వెళ్ళి ఆగింది. ఒకటి.

మూడు. గాలి తగ్గింది.

హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. "ఆ అంచున పడింది లెక్క కాదు, మళ్ళీ వెయ్యండి," అంది ఝాన్సీ. వకుళ చెయ్యి పాచికల వైపు ఒక్క అంగుళం కదిలింది కూడా. ఆగింది.

అప్పలసూరి నోట్‌బుక్ కోసం చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి. కూర్చుని రాస్తాను."

"నేను రాస్తానండీ," అంది వకుళ. "ఎవరు రాయాలో నియమంలో లేదు. నేనే కదా రాసింది, నాకు తెలుసు."

ఆమె బల్ల ముందు కూర్చుని కొత్త పేజీ తెరిచింది. గడి ఏదీ కొట్టలేదు. చాప అంచున ఎర్రదీపం టక్కున వెలిగింది. తబస్సుమ్ గబగబా వేలు అడ్డం పెట్టబోయింది.

"ఉండనివ్వండి మేడమ్," అంది వకుళ. "అందరికీ కనబడాలి."

అప్పలసూరి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె పెన్సిల్ పట్టుకుని, ఆయన మొహం చూడలేక కాగితం వైపే చూస్తూ అడిగింది.

"పదకొండో అమ్మాయి దగ్గరినుంచి మొదలుపెడతాను. ఆమె పేరు చెప్పండి."