గోడవైపు కాళ్ళు

గూట్లో కూజా లేదు. దాని అడుగు గుర్తు మాత్రం సున్నం మీద గుండ్రంగా మిగిలింది.

"పొద్దున ఇల్లు ఊడ్చింది గురవమ్మేగా! ఇంకెవరు తీస్తారు?" అంటూ సుబ్బరావమ్మ కేకలేస్తోంది. పోలీసులకి కబురు వెళ్ళింది. "నాగేంద్రుణ్ణి నేనెందుకు ముట్టుకుంటానమ్మా!" అని గురవమ్మ వసారా మెట్టు మీద కూలబడి ఏడుస్తోంది.

పోలీసులు పర్చూరు వచ్చి గురవమ్మను తీసుకెళ్ళేలోపే దొంగను పట్టుకోవాలి. వేరే పని మీద గుంటూరు నుంచి ఊళ్ళోకి వచ్చి ఉన్న డిటెక్టివ్ శ్రీమన్నారాయణ గారు అందర్నీ ఒకటే ప్రశ్న అడిగారు: "కూజా మీద ఏం బొమ్మ ఉంది?" ఆయన శిష్యుడు పానకాలు, కొత్తగా బి.ఏ. ప్యాసైనవాడు, వసారాలో ఒక మిరపకాయల బస్తాకి ఆనుకుని జవాబులు రాసుకున్నాడు.

"మీసాల పామండి," అంది సుబ్బరావమ్మ. "మా అబ్బాయి యలమందయ్య కొరియా యుద్ధంలో మిలిటరీ ఆస్పత్రిలో చేశాడు. అక్కడి ముసలాయనెవరో ఇస్తే తెచ్చి గూట్లో పెట్టాడు. నాగులచవితికి ఎదురుగా గిన్నెలో పాలు పెడతాను. ఈ ఐదేళ్ళలో దాన్ని కదిపింది లేదు."

"పడగ లేదు గానీ పామేనండి," అంది గురవమ్మ.

చీరాల నుంచి చీరలు తెచ్చి అమ్మే భావనారాయణ నవ్వాడు. "పాముకి కాళ్ళుంటాయా అండీ? కాలికి నాలుగేసి గోళ్ళు! నేను గుమ్మంలోంచి చూడటమే. త్వరగా కానివ్వండి, చీరల బాకీ కింద ఊళ్ళోవాళ్ళిచ్చిన నా బస్తా అది, బస్సుకెక్కించాలి."

పానకాలుకి బుర్ర తిరిగిపోయింది. పాముకి కాళ్ళేమిటి? వీళ్ళలో ఎవరి మాట నమ్మాలి?

శ్రీమన్నారాయణ గారు అందర్నీ గూటి ముందుకి పిలిచారు.

"యలమందయ్యా, ఏ వైపు బయటికి పెట్టావు?"

"తలా, ఒంటి చుట్టలూ అండి. కాళ్ళు గోడవైపు. అమ్మ దణ్ణం పెట్టుకుంటుంటే పాము కాదని చెప్పలేకపోయాను. ఎవరితోనూ అనలేదు."

"మరి గుమ్మంలోంచి చూసినాయనకి గోళ్ళ లెక్క ఎలా తెలిసింది? పానకాలూ, ఆ బస్తా విప్పవయ్యా."

తుమ్ముతూ తుమ్ముతూ పానకాలు చెయ్యి పెట్టాడు. మిరపకాయల మధ్య కూజా భద్రంగా ఉంది. భావనారాయణ తల దించుకున్నాడు.

సుబ్బరావమ్మ కూజాని తిప్పి కాళ్ళు చూసింది. "ఇన్నేళ్ళూ పాలు పెట్టింది దేనికిరా?"

"డ్రాగన్ అంటారమ్మా. వానలు కురిపిస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం."

ఆవిడ గతుక్కుమని కల్లం వైపు చూసింది. ఎకరం మిరప పంట, ఎర్రగా ఎండుతోంది. కూజా తీసుకెళ్ళి గురవమ్మ ఒళ్ళో పెట్టింది.

"కాయలు బస్తాలకెత్తేదాకా వానొద్దని నువ్వు చెప్పవే, గురవమ్మా. నిన్ను నోటికొచ్చినట్టు అన్నదాన్ని, నా మాట ఇంకేం వింటుంది?"