ఏడు ఇప్పల మిట్ట మీద కొరివిదెయ్యం

మండ్లా అడవుల్లో ఏడు ఇప్పల మిట్ట పేరెత్తితే చాలు, మాటలు ఆగిపోయేవి. అక్కడ ఏటా పూత రాలే ముందు కొరివిదెయ్యం తిరుగుతుందట. తెల్లారేసరికి చెట్ల కింద నేలంతా మాడి ఉంటుందట. మంటల మధ్య తెల్లచీర చూశామన్న వాళ్ళూ ఉన్నారు.

ఈ దెయ్యాన్ని పుట్టించింది చైతూ.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే ఏరడం కష్టమని, పువ్వు రాలకముందే ఊరంతా ఒకప్పుడు చెట్ల కింద నిప్పు పెట్టేది. ముసలి ఇప్పలు కూలిపోతున్నాయి, నిప్పువల్ల వాటి కింద ఒక్క పిల్లచెట్టూ మిగల్లేదని పన్నెండేళ్ళ కిందట ఊరు కూర్చుని, ఇక నిప్పు పెట్టబోమని తమ దేవుడు బడాదేవ్ ముందు ఒట్టేసుకుంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది చైతూ. దొంగచాటుగా కాల్చడం మాననిదీ అతనే. అడిగితే దెయ్యం మీదికి నెట్టాడు. మిట్టెక్కి పువ్వు ఏరుకొచ్చే మొనగాడని ఊరు మెచ్చుకుంటుంటే, తల వంచుకుని విన్నాడు.

ఆ ఏడూ చీకటుండగానే, అగ్గిపెట్టె రొంటిన దోపుకుని వెళ్ళాడు. ఆకులు కరకరలాడాయి. గాలి లేదు... ఒట్టు గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా పుల్ల గీశాడు.

ఎప్పుడూ అంటించి పరుగెత్తేవాడు. ఈసారి కాలికి ముల్లు దిగి ఆగాడు. మంట పాకింది. ఆ వెలుగులో —

తెల్లచీర.

 దెయ్యం అబద్ధమని తెలిసినవాడు తనొక్కడే. మరి ఎదురుగా ఉన్నదేమిటి?

అది వంగి నేల తడుముతోంది. మంటను చూసి పారిపోలేదు... మంటలోకే వచ్చింది. పచ్చికొమ్మతో బాదుతోంది. ఒట్టి చేతులతో ఆకులు లాగేస్తోంది.

ఆ చేతులు అతనికి తెలుసు. తల్లి పోయాక అంబలి పోసి పెంచిన చేతులు. ఏటా ఈ రోజుల్లోనే బొబ్బలెక్కేవి. పొయ్యి దగ్గర కాలిందనేది. చూసుకోవద్దా అని తనే విసుక్కునేవాడు.

"పెద్దమ్మా..."

పెద్దమ్మ సుక్వారో తలెత్తలేదు. "మంట చూసి వచ్చావా?" అంది మెల్లగా.

ఊఁ అంటే సరిపోయేది. అనకుండా, కొమ్మ విరిచి తనూ మంట ఆర్పాడు.

"ఇలా రా. దీన్ని చూడు."

జానెడు ఇప్పమొక్క. పైనంతా మాడి, మొదట్లో ఒక్క ఎర్రటి చిగురు.

"నీ కూతురు భగ్లీ పుట్టిన ఏడు మొలిచింది. ఏటా కాలిపోతుంది. వేరులోంచి మళ్ళీ లేస్తుంది. దానికీ పన్నెండేళ్ళు."

భగ్లీ ఇప్పుడు అతని భుజం దాకా వచ్చింది. చైతూ ఆ మొక్క పక్కన కూర్చున్నాడు.  రొంటినున్న అగ్గిపెట్టె తీసి ఆ కాలిన చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని వేళ్ళతో తడిమింది.

"పన్నెండేళ్ళుగా ఎవరు అంటిస్తున్నారో ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదురా," అంది. "నువ్వేనేమోనని."