ఉబ్బని మట్టి

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ముగ్గురు. మంచం మీద గుర్రు పెడుతున్న ఇంజనీరు తల్లి, అద్దం ముందు ఇంజనీరు భార్య, బీపీ మెషిన్‌తో నర్సు. ఇంజనీరు మాత్రం ఐదు వందల మీటర్ల లోతున, అణు వ్యర్థాలను పాతిపెట్టే సొరంగంలో ఉన్నాడు.

నర్సు అసలు నర్సు కాదు. సీక్రెట్ ఏజెంట్. కోడ్ నేమ్ పిచ్చుక.

బీపీ మెషిన్‌లో దాచిన వైర్‌లెస్ గరగరలాడింది.

“జ్వరం ఎంత?” చీఫ్ గొంతు.

“నూట రెండు.”

కోడ్ కలిసింది.

“వ్యర్థాల డబ్బా చుట్టూ పేర్చే మట్టి దిమ్మల్లో ఒకటి మట్టి కాదు, బాంబు. విదేశీ ముఠా పని. సరిగ్గా మూడింటికి పేలుతుంది. డబ్బా పగిలితే విషం భూగర్భజలంలో కలుస్తుంది. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎవరూ గుక్కెడు నీళ్లు తాగలేరు. సొరంగంలో ఫోన్ లైను కోసేశారు. పరుగెత్తు!”

“పన్నెండు దిమ్మలు సార్! ఏది?”

“పదోది,” అంది ఇంజనీరు భార్య, లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. ముఠాలో చేరి డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు అందించే మనిషి ఆమె. “మా ఆయన్ని బతికించు చెల్లీ.”

పిచ్చుక లిఫ్ట్ దిగేసరికి రెండూ యాభై ఆరు.

“సిస్టర్! అమ్మకేమైనా అయిందా?” ఇంజనీరు కంగారుపడ్డాడు.

“అమ్మ బానే ఉంది. మీ మట్టిలో బాంబుంది. నీళ్లివ్వండి!”

“ఇక్కడికి చుక్క నీరు రానివ్వం. తడి తగిలితే ఈ మట్టి ఉబ్బిపోతుంది.”

“అదే కావాలి. ఉబ్బనిది మట్టి కాదు.”

ఆమె పదో దిమ్మ మీద ఉమ్మింది.

“ఛీ, ఛీ! అదేం పని!”

తడి ఇంకింది. బుడిపెలా ఉబ్బింది. నిఖార్సైన మట్టి!

పిచ్చుకకి విషయం అర్థమైంది. చెల్లీ అన్న మనిషి ముఠాకే పనిచేస్తోంది.

మొదటిది ఉబ్బింది. రెండోది ఉబ్బింది. మూడోదీ అంతే. నాలుగో దాని దగ్గర భయంతో నోరు పిడచకట్టుకుపోయింది. నాలుక కొరుక్కున్నా తడి లేదు. ఇంకా రెండు నిమిషాలు.

“మీరు ఉమ్మండి సార్!”

“తుమ్మినవాణ్ణే బయటికి పంపేశానమ్మా నేను!”

“బతికుంటే నన్నూ పంపేయండి. ఉమ్మండి!”

అతను ఏడుస్తూ ఉమ్మాడు. నాలుగు, ఐదు, ఆరు. ఉబ్బాయి. ఏడో దాని మీద తడి ఇంకలేదు. చుక్కలా జారి కింద పడింది.

పిచ్చుక జేబులోని కత్తెరతో పిచ్చిదానిలా తవ్వింది. డిటొనేటర్ దొరికింది. వైరు లాగేసింది. రెండు సెకన్లు మిగిలాయి.

సాయంత్రం ఆమె తన పెట్టె కోసం ఆ ఇంటికి వెళ్లింది. ముసలావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చి, పెట్టె గడప బయట పెట్టింది.

“మీ అబ్బాయి క్షేమం అమ్మా. మీ కోడలే...”

“తెలుసు. పట్టుకుపోయారు.”

“మీ అబ్బాయినే చంపబోయింది!”

“చంపలేదుగా. పోలీసులొచ్చి నిలబడ్డా నాకు దిండు సర్దే వెళ్లింది. నువ్వో? మధ్యాహ్నం మాత్ర ఎగ్గొట్టి ఊరు తిరిగావు. నర్సుపని నీవల్ల కాదు గానీ, ఇంకేదైనా చూసుకో తల్లీ.”

తలుపు ధడాలున మూసుకుంది.